హోటల్ పెట్టాలంటే: కట్టడమా, కొనడమా, లీజా, ఫ్రాంచైజీనా?

గదులు అద్దెకిచ్చే హోటల్ పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది భవనంతో మొదలుపెడతారు. ఖాళీ భవనం ఒకటి కంటపడుతుంది, చోటు బాగుందనిపిస్తుంది, యజమానితో బేరం నడుస్తుంది. గిరాకీ లెక్క ఆ తర్వాత, అప్పటికే తీసుకున్న నిర్ణయానికి వంత పాడేలా తయారవుతుంది. హోటళ్లు మూతపడటానికి ఈ తిరగబడ్డ వరసే పెద్ద కారణమని మా అభిప్రాయం. ముందు గిరాకీ, తర్వాత ఒప్పందం రూపం, ఆ తర్వాతే భవనం.

ఒప్పందాన్ని బట్టి దారులు స్థూలంగా నాలుగు: భవనం లీజుకు తీసుకుని మార్చుకోవడం, నడుస్తున్న హోటల్ కొనడం, కొత్తగా కట్టడం, కట్టినదాన్ని వేరే కంపెనీకి నడపమని ఇవ్వడం. ఏ దారిలోనైనా సొంత పేరా, ఫ్రాంచైజీనా (ఫీజు కట్టి పెద్ద బ్రాండ్ పేరు వాడుకోవడం) అన్నది ఇంకో నిర్ణయం. వీటిని పోల్చేటప్పుడు మేం మొదట వేసే ప్రశ్న ఒక్కటే: గదులు ఖాళీగా ఉన్న నెలలో నష్టం ఎవరి జేబులోంచి పోతుంది?

గిరాకీని ఎలా కొలవాలి

మీకు వచ్చే అతిథే ఇప్పుడు దిగుతున్న హోటళ్లను ఐదారు ఎంచుకోండి. వాటి ధర, వాటికి వచ్చే అతిథి మీ హోటల్‌తో పోలాలి. భవనం అందం లెక్కలోకి రాదు. ఒక్కోదానిలో ఎన్ని గదులున్నాయో రాసుకోండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, ప్రతి వారం ఒకే రోజున, బుకింగ్ సైట్లలో మూడు రాత్రుల ధర చూడండి: 7 రోజుల తర్వాతిది, 30 రోజుల తర్వాతిది, 90 రోజుల తర్వాతిది. వారం మధ్యకీ వారాంతానికీ విడివిడిగా చూడాలి. ఆ రోజు ధర ఎంతన్నదాని కంటే, తేదీ దగ్గరపడేకొద్దీ అది ఎటు కదిలిందన్నది ఎక్కువ చెబుతుంది. పెరుగుతోందంటే గదులు నిండుతున్నాయి. చివరి వారంలో తగ్గిస్తున్నారంటే మిగిలిపోతున్నాయి.

సైట్‌లో గదులు లేవని కనిపించినంత మాత్రాన హోటల్ నిండిందనుకోకండి. ఆ సైట్‌కి కేటాయించిన గదులు మాత్రమే అయిపోయి ఉండొచ్చు. హోటల్‌కే ఫోన్ చేసి అదే రాత్రికి గది అడగండి. తెల్లవారుజామున పార్కింగ్‌లో బళ్లు లెక్కపెట్టడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. డబ్బు పెట్టగలిగితే ఎస్‌టీఆర్ లాంటి సంస్థల నివేదిక కొనండి. 1985లో మొదలై ఇప్పుడు కోస్టార్ అనే రియల్ ఎస్టేట్ సమాచార కంపెనీ చేతిలో ఉన్న ఈ సంస్థ హోటళ్ల నుంచి లెక్కలు సేకరించి, ఏ ఒక్క హోటల్ అంకె బయటపడకుండా, గుంపు మొత్తానికి ఆక్యుపెన్సీ (గదులు నిండిన శాతం), సగటు ధర నెలవారీగా ఇస్తుంది.

గిరాకీ ఎక్కడినుంచి వస్తోందో కూడా విడదీయాలి. ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, కార్యాలయాలు, విహారయాత్ర, ఏదో కర్మాగారం విస్తరణ పనులు: ఇవన్నీ గదులు నింపుతాయి, కానీ చివరిది పనులు అయిన రోజున మాయమవుతుంది. వారం మధ్య ఒక రకం అతిథి, వారాంతంలో ఇంకో రకం అతిథి ఉన్న చోటు మేలు. ఒక్క కాలు మీద నిలబడే గిరాకీని నమ్మి పదేళ్ల లీజు రాయకూడదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే లెక్క. పోటీ హోటళ్లలో మొత్తం 260 గదులు, సగటున 68 శాతం నిండుతున్నాయనుకుందాం. ఏడాదికి అమ్ముడయ్యేవి సుమారు 64,500 గది-రాత్రులు (ఒక గది ఒక రాత్రికి అమ్ముడైతే ఒక గది-రాత్రి). మీరు 40 గదులతో వస్తే మార్కెట్‌లో 300 గదులవుతాయి, అంటే ఏడాదికి 1,09,500 గది-రాత్రులు. గిరాకీ పెరగకపోతే మార్కెట్ సగటు 59 శాతానికి పడిపోతుంది. మీరు తలుపు తెరవడంతోనే ఇది జరుగుతుంది. పైగా కొత్త హోటల్‌కి మొదటి ఏడాది తన వాటా మొత్తం దక్కదు; సమీక్షలుండవు, కంపెనీల ఒప్పందాలుండవు. మార్కెట్ సగటులో ముప్పావు వంతు దొరికితే 44 శాతం. రెండో ఏడాది 90 శాతం అందుకుంటే 53, మూడో ఏడాది సమానమైతే 59. దారిలో ఇంకో కొత్త హోటల్ కడుతుంటే, దాని గదులూ ఈ లెక్కలోకి రావాలి. భవన అనుమతులిచ్చే కార్యాలయంలో అడిగితే తెలుస్తుంది.

పక్క హోటల్ 68 శాతం నిండుతోంది కాబట్టి మనకూ అంతే అనుకుని బ్యాంకుకి ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేవాళ్లు మొదటి ఏడాదే వాయిదాల దగ్గర ఇరుక్కుంటారు.

లీజు: స్థిర అద్దెనా, రాబడిలో వాటానా

తక్కువ పెట్టుబడితో ఈ వ్యాపారంలోకి దిగే దారి లీజు. అయితే అద్దె ఏ రూపంలో ఉందన్నది అద్దె ఎంతన్నదానికంటే ముఖ్యం. పైన చెప్పిన 40 గదుల హోటల్‌నే తీసుకుందాం. సగటు గది ధర 100 (ఏ కరెన్సీ అయినా సరే, నిష్పత్తులు చూడండి). గది అమ్మితేనే వచ్చే ఖర్చు 30: ఇందులో బుకింగ్ కమీషన్ సగటున 12, దుప్పట్ల ఉతుకు, సబ్బులు, కరెంటు, నీళ్లు కలిపి 18. గది అమ్మినా అమ్మకపోయినా ఏడాదికి తప్పని జీతాలు, బీమా, నిర్వహణ కలిపి 3,50,000. అద్దె రెండు రకాలుగా అడుగుతున్నారు: ఏడాదికి 2,00,000 స్థిరంగా, లేదా గదుల రాబడిలో 20 శాతం.

మొదటి ఏడాది 44 శాతంతో స్థిర అద్దె కింద నష్టం సుమారు 1,00,000; వాటా పద్ధతిలో 29,000 మాత్రమే. రెండో ఏడాది 53 శాతం దగ్గర స్థిర అద్దెలో ఇంకా 8,000 లోటు, వాటా పద్ధతిలో 37,000 మిగులు. మూడో ఏడాది 59 శాతం దగ్గర 53,000, 81,000. మూడేళ్లూ కలిపితే స్థిర అద్దె తీసుకున్నవాళ్లు సుమారు 56,000 పోగొట్టుకుని ఉంటారు. వాటా ఒప్పందం చేసుకున్నవాళ్ల చేతిలో 89,000 మిగిలి ఉంటుంది. వాటా కంటే స్థిర అద్దె లాభసాటి కావాలంటే ఏడాదికి 10,000 గది-రాత్రులు దాటాలి, అంటే 68.5 శాతం పైన.

కాబట్టి గిరాకీ మీద గట్టి రుజువు లేని చోట రాబడి వాటా అడగండి. యజమానులు సాధారణంగా తక్కువ స్థాయి కనీస అద్దె, దానిపైన వాటా అనే మధ్యే మార్గానికి దిగుతారు. అది కూడా మంచిదే. వాటా ఒప్పందంలో "రాబడి" అంటే ఏమిటో రాతలో ఉండాలి: పన్నులు తీసేశాకా, కమీషన్ తీసేశాకా, రెస్టారెంటు రాబడి కలిపా, విడిగానా. గొడవలు శాతం మీద కంటే ఈ నిర్వచనం మీదే వస్తాయి.

లీజులో ఇంకా పట్టుబట్టాల్సినవి ఉన్నాయి. మొదటిది అద్దె లేని కాలం. ఇది తాళాలు ఇచ్చిన రోజు నుంచి కాక, వినియోగ మార్పు అనుమతి, అగ్నిమాపక అనుమతి వచ్చిన రోజు నుంచి లెక్క మొదలయ్యేలా రాయించుకోండి. అనుమతి ఆలస్యమైతే ఆ నెలల అద్దె మిమ్మల్ని మొదటి ఏడాదికి ముందే కుంగదీస్తుంది. రెండోది, పైకప్పు, బయటి గోడలు, లిఫ్ట్, ప్రధాన పైపుల మరమ్మతు ఎవరిదో. మూడోది గడువు: గదుల్లో పెట్టిన ఫర్నిచర్, బాత్రూముల ఖర్చు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కవేసి, లీజు దానికంటే కనీసం నాలుగైదేళ్లు ఎక్కువ ఉండాలి, యజమాని మధ్యలో ఖాళీ చేయించలేని విధంగా. నాలుగోది, యజమాని భవనాన్ని అమ్మినా, అప్పు కట్టక బ్యాంకు స్వాధీనం చేసుకున్నా మీ లీజు నిలుస్తుందన్న రాత. దీన్ని బ్యాంకు సంతకంతో తీసుకోవాలి. యజమాని మాట చాలదు.

భవనం హోటల్‌గా మారుతుందా

కార్యాలయ భవనాలూ అపార్ట్‌మెంట్లూ చూడ్డానికి తేలిగ్గా మారేలా కనిపిస్తాయి. కష్టమంతా బాత్రూముల్లో ఉంటుంది. ప్రతి గదికీ ఒక టాయిలెట్ కావాలి, దాని పైపు 100 నుంచి 110 మిల్లీమీటర్లది, వాలు మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు. ఒకదాని మీద ఒకటి బాత్రూములు వచ్చేలా నిలువు షాఫ్టులు ఉంటే సమస్య లేదు. లేకపోతే పైపు దాచడానికి బాత్రూము నేల 15 నుంచి 20 సెంటీమీటర్లు పైకి లేపాల్సి వస్తుంది. అప్పుడు గుమ్మం దగ్గర మెట్టు, నిద్రమత్తులో కాలు తట్టుకోవడం, పైకప్పు ఎత్తు తగ్గడం. స్లాబుకి రంధ్రాలు కొట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించండి. బీముల్లో కోర్ కటింగ్ (యంత్రంతో రంధ్రం కొట్టడం) చేయనివ్వరు.

ఇంకా చూడాల్సినవి: వేర్వేరు చివర్లలో రెండు మెట్లదారులు ఉన్నాయా, కారిడార్ కనీసం 1.5 మీటర్లు వస్తుందా, లోతైన భవనంలో మధ్య గదులకు కిటికీ దొరుకుతుందా, మంజూరైన కరెంటు లోడు అన్ని ఏసీలూ గీజర్లూ ఒకేసారి మోస్తుందా. కిటికీ లేని గది అమ్ముడవుతుంది, కానీ తక్కువ ధరకు, చెడ్డ సమీక్షతో. రెండో మెట్లదారి లేని భవనం దగ్గర మాత్రం బేరం ఆపేయండి.

నడుస్తున్న హోటల్ కొంటే

ఇందులో పెద్ద లాభం, రెండేళ్ల ఎదుగుదల కాలం తప్పడం. మొదటి నెల నుంచే డబ్బు తిరుగుతుంది, బ్యాంకు కూడా పాత లెక్కలు చూసి అప్పు ఇస్తుంది. కానీ అమ్మేవాళ్లు చూపించే లాభం నిజమో కాదో తేల్చుకోవాలి.

36 నెలల లెక్కలు అడగండి, వీలైతే హోటళ్ల యూనిఫాం సిస్టమ్ పద్ధతిలో. 1926లో న్యూయార్క్‌లో మొదలైన ఈ ఖాతాల పద్ధతి గదుల విభాగం, ఆహార విభాగం, ఉమ్మడి ఖర్చులు విడివిడిగా చూపిస్తుంది కాబట్టి వేరే హోటళ్లతో పోల్చవచ్చు. ఆ లెక్కల్ని మూడు వైపుల నుంచి సరిచూడండి: రిసెప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని రోజువారీ నైట్ ఆడిట్ నివేదికలు (ప్రతి రాత్రీ ఆ రోజు లెక్క ముగించి తీసేవి), పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. మూడూ కలవకపోతే అతి తక్కువ చూపించేదాన్నే నమ్మి ధర కట్టండి. నీళ్ల బిల్లు, ఉతుకు బిల్లు కూడా అబద్ధాన్ని పట్టిస్తాయి: గది అమ్ముడైన ప్రతి రాత్రికీ కొన్ని కిలోల దుప్పట్లు తువ్వాళ్లు ఉతుక్కెళ్తాయి; ఆక్యుపెన్సీ పెరిగిన నెలలో ఉతుకు బరువు పెరగకపోతే అడగాల్సిందే.

అమ్మకానికి ముందు రెండేళ్లు మరమ్మతు ఆపేసి లాభం ఎక్కువ చూపించడం మామూలు ఎత్తుగడ. మరమ్మతు ఖర్చు హఠాత్తుగా తగ్గిన సంవత్సరం ఎక్కడుందో చూడండి. పరుపులు, ఫర్నిచర్, యంత్రాల మార్పిడి కోసం ఏటా రాబడిలో 4 శాతం పక్కన పెట్టడం ఈ వ్యాపారంలో సాధారణ ప్రమాణం. అమ్మేవాళ్ల లెక్కల్లో అది లేకపోతే, వాళ్ల లాభంలోంచి ఆ మొత్తం తీసేసి ఆలోచించండి. భవనం చూడ్డానికి ఉదయం ఏడింటికి వెళ్లండి: పై అంతస్తులో ఒకే వరసలోని షవర్లన్నీ ఒకేసారి తిప్పి, వేడినీళ్లు ఎంతసేపట్లో వచ్చాయో, ఒత్తిడి ఎంత పడిందో గమనించండి.

కంపెనీ వాటాలు కొంటే పాత అప్పులు, పన్ను బకాయిలు, ఉద్యోగుల కేసులు కూడా మీవే అవుతాయి. ఆస్తిని మాత్రమే కొంటే అవి చాలావరకు తప్పుతాయి, కానీ లైసెన్సులు మీ పేరు మీద కొత్తగా తీసుకోవాలి. ముందుగా బుకింగ్ చేసుకుని అడ్వాన్సు కట్టిన అతిథుల డబ్బు ఎవరి దగ్గర ఉందో, కొనుగోలు పూర్తయ్యే రోజున అది మీకు మారుతుందో లేదో ఒప్పందంలో ఉండాలి.

కొత్తగా కట్టడం

మీకు కావలసినట్టే వస్తుంది. అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే ఎక్కువ డబ్బుతో వస్తుంది. అనుమతులు కాక నిర్మాణానికే మధ్యస్థాయి హోటల్‌కి రెండేళ్లు పట్టడం మామూలు. ఆ కాలంలో అప్పు మీద వడ్డీని ప్రాజెక్టు ఖర్చులో కలపాలి, అనుకోని ఖర్చులకు కనీసం 10 శాతం విడిగా ఉంచాలి. పరిశ్రమలో ఒక పాత లెక్క ఉంది: స్థలంతో కలిపి గదికి పెట్టిన మొత్తంలో వెయ్యో వంతు సగటు గది ధరగా రావాలి. ధర 100 వచ్చే చోట గదికి 1,00,000 దాటకూడదన్నమాట. వడ్డీ రేట్లు మారితే ఇది మారిపోతుంది కాబట్టి దీంతో నిర్ణయం తీసుకోకండి. కానీ మీ ప్రాజెక్టు దీనికి రెట్టింపు ఉంటే ప్లాను మడిచి పెట్టేయడం మంచిది.

డిజైన్ అయ్యాక గదులన్నీ మొదలుపెట్టకుండా ఒక్క గది పూర్తిగా కట్టించి, అందులో ఇద్దరు ముగ్గురిని రాత్రి పడుకోబెట్టండి. రెండు సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి చోటుందా, మంచం రెండు పక్కలా ప్లగ్గులున్నాయా, ఏసీ గాలి దిండు మీదకు కొడుతోందా, షవర్ నీళ్లు టాయిలెట్ దాకా వస్తున్నాయా, పక్క గదితో ఒకే గోడలో వీపు వీపు ఆనించిన స్విచ్ బాక్సుల్లోంచి మాటలు వినిపిస్తున్నాయా. ఇక్కడ దొరికిన తప్పు ఒక్క గదిలో సరిదిద్దితే సరిపోతుంది. వదిలేస్తే నలభై గదుల్లో ఉంటుంది.

సొంత పేరా, ఫ్రాంచైజీనా

ఫ్రాంచైజీ రాయల్టీ సాధారణంగా గదుల రాబడిలో 4 నుంచి 6 శాతం. ప్రచార నిధి, రిజర్వేషన్ వ్యవస్థ, లాయల్టీ పాయింట్ల ఖర్చు కలిపితే మొత్తం 10 శాతం దగ్గరికో, ఆపైకో చేరుతుంది. పై హోటల్‌లో గది అమ్మితే మిగిలే 70 అప్పుడు 60 అవుతుంది. సొంత పేరుతో 59 శాతం నింపేవాళ్లు అదే మిగులు రావాలంటే 69 శాతం నింపాలి, లేదా అదే ఆక్యుపెన్సీతో ధర 13 శాతం పెంచగలగాలి. బ్రాండ్ సొంత వెబ్‌సైట్ నుంచి బుకింగ్‌లు వచ్చి కమీషన్ సగటు 12 నుంచి 8కి దిగితే 64.5 శాతం చాలు.

అందుకే బ్రాండ్ ప్రతినిధిని అడగాల్సిన ప్రశ్న ఇది: మా స్థాయి చిన్న హోటళ్లలో ఎన్ని శాతం గది-రాత్రులు బ్రాండ్ సొంత మార్గాల నుంచి వస్తున్నాయి? మొత్తం సగటు కాదు, మీలాంటి ఊళ్లలో, మీ అంత గదుల సంఖ్య ఉన్నవాటికి అడగండి. ఆ హోటళ్ల యజమానులతో నేరుగా మాట్లాడండి. దూరప్రాంతాల నుంచి కొత్తగా వచ్చే అతిథులు ఎక్కువగా ఉన్న చోట, విమానాశ్రయం దగ్గర, హైవే మీద, పేరు పనిచేస్తుంది. ఏటా తిరిగి వచ్చే స్థానిక కంపెనీల అతిథులే ఎక్కువైతే, ఆ 10 శాతం ఒక మంచి సేల్స్ మనిషి జీతానికి పెట్టడం మేలని మా నమ్మకం.

సంతకం ముందు మూడు విషయాలు: ఎన్ని కిలోమీటర్లలో అదే బ్రాండ్ ఇంకో హోటల్ ఇవ్వకూడదు, గదుల పునరుద్ధరణ ఎన్నేళ్లకోసారి, ఎవరి ఖర్చుతో, మధ్యలో వదిలేస్తే పరిహారం ఎంత. మూడోదాన్ని ఎక్కువమంది చదవరు. అది రెండు మూడేళ్ల ఫీజుల మొత్తం కూడా కావచ్చు.

మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు వేరే సంగతి. కంపెనీ హోటల్ నడుపుతుంది, మొత్తం రాబడిలో 2 నుంచి 4 శాతం, నిర్వహణ లాభంలో అదనంగా ఒక వాటా తీసుకుంటుంది. నష్టం మాత్రం మీదే. చిన్న హోటళ్లను పెద్ద కంపెనీలు పెద్దగా పట్టించుకోవు. తీసుకున్నా, వరసగా రెండేళ్లు బడ్జెట్ లాభమూ పోటీ హోటళ్ల స్థాయీ అందుకోకపోతే తొలగించే హక్కు లేకుండా సంతకం చేయవద్దు.

ఎన్ని గదులు, ఏ రకం

రిసెప్షన్‌లో రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు నిండాలి. ఒక్కరు 48 గంటలు పనిచేస్తే మూడున్నర మంది, సెలవులతో నలుగురైదుగురు. పన్నెండు గదులకైనా, నలభై గదులకైనా ఇదే. ఇరవై గదుల లోపు హోటళ్లు యజమాని స్వయంగా కూర్చుంటే తప్ప నిలవకపోవడానికి కారణం ఇది. గదులు శుభ్రం చేసేవాళ్ల సంఖ్య గదులతో పాటు కదులుతుంది: ఒక షిఫ్టుకి ఒక్కరికి 12 నుంచి 16 గదులు.

రెస్టారెంటు పెట్టాలా? గదుల విభాగంలో రాబడిలో ముప్పావు వంతు దాకా విభాగ లాభంగా మిగులుతుంది, ఆహార విభాగంలో అందులో సగం మిగిలినా గొప్పే. అల్పాహారం మాత్రం ఉంచి, మిగతా భోజనానికి పక్కనే ఉన్న భోజనశాలలపై ఆధారపడగలిగితే మొదటి హోటల్‌కి అదే తేలిక. నెలల తరబడి ఉండే అతిథులు దొరికే చోట వంటగది ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు మేలు. ధర తక్కువే అయినా రోజూ శుభ్రం చేయనక్కర్లేదు, కమీషన్ ఒక్కసారే.

తెరిచే ముందు

పెట్టుబడి కాక, ఆరు నెలల స్థిర ఖర్చు బ్యాంకులో ఉండాలి. స్థిర అద్దె తీసుకున్న మన ఉదాహరణలో అది 2,75,000. రెండేళ్ల లోటు 1,08,000 మాత్రమే కదా అనిపిస్తుంది, కానీ ఆ లోటు సమంగా రాదు, గిరాకీ లేని నెలల్లో ఒక్కసారిగా వస్తుంది. దుప్పట్లు గదికి మూడు జతలు, ఉతుకు బయటకు ఇస్తే నాలుగు.

బుకింగ్ సైట్లలో 60 నుంచి 90 రోజుల ముందు పేరు పెట్టండి, అయితే అగ్నిమాపక అనుమతి చేతికి వచ్చాకే తేదీలు తెరవండి. తేదీ జారి అతిథుల్ని వేరే హోటల్‌కి పంపాల్సి వస్తే, ఆ సైట్ల దగ్గర మీ స్థానం మొదటి వారంలోనే దిగజారుతుంది. రద్దీ సీజన్ మొదటి రోజున తెరవకండి. దానికి ఆరు వారాల ముందు సగం గదులతో మొదలుపెట్టండి. నెలల తరబడి పైపుల్లో నిలిచిన నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. ప్రతి కుళాయీ, ప్రతి షవరూ బాగా వదిలి కడగాలి, వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. తలుపులన్నీ మూసి అగ్నిప్రమాద గంట మోగించి, మంచం మీద దిండు దగ్గర 75 డెసిబెల్స్ వినిపిస్తోందో లేదో ప్రతి గదిలోనూ కొలవండి. కారిడార్‌లో చెవులు హోరెత్తినా, లోపల ఏసీ నడుస్తుంటే నిద్రపోయే మనిషికి చేరకపోవచ్చు.